చలికాలపు రంగులు: కోఠిలో పరదేశి పూలు

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని మన సంఘం కార్యదర్శిగారు అడిగారు. నేను ముప్పై ఏళ్లకు పైగా నాంపల్లిలో ఫైళ్లు కదిపిన గుమాస్తాను. రాజుల చరిత్ర, యుద్ధాల చరిత్ర వ్రాయడానికి పండితులున్నారు. నేను మా బాల్కనీలో ఉన్న ఒక పూలకుండీ చరిత్ర వ్రాస్తాను. దారిలో మన కోఠి, నాంపల్లి కూడా తగులుతాయి.

మన పేటకు "కోఠి" అనే పేరే ఒక తోట ఇంటి వల్ల వచ్చింది. బ్రిటిష్ రెసిడెంటుగా 1798 నుంచి 1805 వరకు ఇక్కడ పనిచేసిన జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ మూసీ ఒడ్డున పెద్ద తోట నడుమ కట్టించిన భవనమే ఆ కోఠి. ఆయన ఖైరున్నిసా బేగమును పెండ్లాడిన కథ మనలో చాలామందికి తెలుసు. ఆమె కోసం అదే ఆవరణలో రంగ్‌మహల్ కట్టించాడు. ఆయనకు తోటల మీద ఎంతో మక్కువ ఉండేదని ఆనాటి ఉత్తరాల వల్ల తెలుస్తున్నది. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ తమ అనుచరులతో దాడి చేసినది ఈ రెసిడెన్సీ మీదనే. దాని చుట్టూ పెరిగిన రెసిడెన్సీ బజారు 1933లో నిజాముకు తిరిగి దక్కి సుల్తాన్‌బజారు అయింది. 1949లో ఆ భవనంలోకి మహిళా కళాశాల వచ్చింది. మా చెల్లెలు అక్కడే చదివింది. 2022లో అది విశ్వవిద్యాలయమై, 2024లో చాకలి ఐలమ్మగారి పేరు పెట్టుకున్నది.

ఇక నాంపల్లిలోని బాగె ఆమ్, అంటే మన పబ్లిక్ గార్డెన్స్, 1846లో ఏర్పడింది. సర్వీసులో ఉన్నన్నాళ్లూ నేను మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకొని అక్కడికే వెళ్లేవాణ్ణి. డిసెంబరు, జనవరి నెలల్లో జూబిలీ హాలు వైపు నడిస్తే మడుల నిండా రంగులే. డేలియా, పెటూనియా, ఫ్లాక్స్ అని తోటమాలి పేర్లు చెప్పేవాడు. "ఇవన్నీ బైటి దేశం పూలు సార్, చలికి మాత్రమే నవ్వుతాయి" అనేవాడు. ఆ మాట నా మనసులో నాటుకుపోయింది. మన ఎండలకు మల్లె విచ్చుకుంటే, మన చలికి ఎక్కడెక్కడి పూలో విచ్చుకుంటాయి.

మేము అప్పట్లో బడీచౌడీ దగ్గర ఒక పాత ఇంటి పోర్షనులో అద్దెకు ఉండేవాళ్లం. వెనుక చిన్న పెరడు. మా ఆవిడ అందులో చేమంతి, బంతి, కనకాంబరం పెంచేది. 2008లో నేను రిటైరయ్యాను. కొన్నేళ్లకు ఆ ఇల్లు పడగొట్టారు. మేము కోఠిలోనే రెండో అంతస్తు ఫ్లాటుకు మారాము. పెరడు పోయింది. ఆరడుగుల బాల్కనీ మిగిలింది. మా ఆవిడ దాన్ని గురించి ఒక్క మాట అనలేదు గాని, పూజకు పూలు కొనవలసి వచ్చిన ప్రతిరోజూ పూలమ్మితో కొంచెం గట్టిగానే బేరమాడేది.

2021 డిసెంబరులో మొక్కల బండి మీద ఎర్రగా మండిపోతున్న ఒక కుండీ చూశాను. పేరు పాయిన్‌సెట్టియా అన్నాడు. రెండు వందలు చెప్పి నూట యాభైకి ఇచ్చాడు. సంబరంగా ఇంటికి తెచ్చాను.

"దేవుడికి పనికిరాని పువ్వు ఇంట్లో ఎందుకండీ?" అన్నది మా ఆవిడ. "పైగా తుంచితే పాలు కారుతున్నాయి."

ఆమె అన్నదానిలో ఒక పొరపాటు ఉన్నది, ఒక నిజం ఉన్నది. నిజం ఏమిటంటే ఆ పాలు కొందరికి చర్మం మీద దురద పుట్టిస్తాయి. పసిపిల్లలున్నవారు అందనిచోట పెట్టాలి. పొరపాటు ఏమిటంటే అది పువ్వే కాదు. ఆ ఎర్రనివి ఆకులు. నడుమ ఉండే చిన్న పసుపుపచ్చని గింజలవంటివే అసలు పూలు. మన కాగితం పూల సంగతి కూడా ఇంతే. అక్కడ రంగు చూపేది ఆకు, లోపల తెల్లగా ఉండేది పువ్వు.

సుల్తాన్‌బజారులో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మనకు ఉండనే ఉన్నది. పుస్తకాలు తిరగవేయడం నాకు పాత అలవాటు. చదివినకొద్దీ ఆశ్చర్యం కలిగింది. పాయిన్‌సెట్టియా సొంత ఊరు మెక్సికో. 1820లలో అక్కడ అమెరికా రాయబారిగా ఉన్న జోయెల్ పాయిన్‌సెట్ దాన్ని తన దేశానికి పంపాడు. అందుకే ఆ పేరు. అయితే మన బంతిపువ్వు సొంత ఊరు కూడా ఆ మెక్సికోనే! నేలసంపెంగ అక్కడిదే. చంద్రకాంత, దేవగన్నేరు అమెరికా ఖండపు మొక్కలు. గుమ్మడి కూడా ఆ ఖండం నుంచే వచ్చింది. చేమంతిని వేల ఏళ్లుగా పెంచినవారు చైనావారు. బిళ్ల గన్నేరు మడగాస్కర్ దీవిది. దాని నుంచే 1950ల చివర కాన్సరుకు మందు తీశారు.

ఈ జాబితా వ్రాసుకొని మా ఆవిడకు చదివి వినిపించాను. "ధనుర్మాసంలో నువ్వు గొబ్బెమ్మ నెత్తిన పెట్టే గుమ్మడిపువ్వు, చుట్టూ పెట్టే బంతిపువ్వు రెండూ సముద్రం దాటి వచ్చినవే" అన్నాను.

ఆమె కొంతసేపు ఆలోచించి, "అయితే బంతి మొదటిసారి వచ్చినప్పుడు కూడా నాబోటిది ఎవరో, ఇది దేవుడికి పనికిరాదు అనే ఉంటుంది" అన్నది. ఇంతకు మించిన చరిత్ర పాఠం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఇన్ని మొక్కలు సముద్రాలు ఎలా దాటాయన్నది మరొక కథ. విత్తనం, దుంప అయితే మూటలో వస్తాయి. ప్రాణమున్న మొక్క ఓడ మీద నెలల తరబడి ఉప్పుగాలికి, నీటి కరువుకు చచ్చిపోయేది. 1829 ప్రాంతంలో లండన్‌లో నథానియల్ వార్డ్ అనే వైద్యుడు ఒక పురుగు గూటిని మట్టితో సహా మూత బిగించిన సీసాలో పెట్టాడు. పురుగు సంగతి ఏమోగాని, ఆ మట్టిలో ఫెర్న్, గడ్డి మొలిచాయి. లోపలి తేమే ఆవిరై, అద్దానికి పట్టి, మళ్లీ మట్టిలోకి దిగుతున్నదని ఆయన గ్రహించాడు. 1833లో అటువంటి అద్దాల పెట్టెలలో మొక్కలు పెట్టి సిడ్నీకి పంపితే అవి బ్రతికి చేరాయి. అటు తరువాత దేశదేశాల మొక్కలు ఆ పెట్టెలలోనే ప్రయాణం చేశాయి. చైనా నుంచి తేయాకు మొక్కలు మన దేశానికి వచ్చిందీ ఆ విధంగానే. ఇప్పుడు మనకు ఆ బాధ లేదు. గోదావరి ఒడ్డున కడియం నర్సరీల నుంచి లారీలు హైదరాబాదు దాకా మొక్కలు తెచ్చి దించుతున్నాయి.

ఇక నా కుండీ సంగతి. సంక్రాంతి వెళ్లాక ఆకులు రాలాయి. మార్చిలో కొమ్మలు కత్తిరించాను. వానాకాలానికి పచ్చగా, గుబురుగా పెరిగింది. కాని 2022 చలికాలం అంతా పచ్చగానే ఉండిపోయింది. ఒక్క ఆకూ ఎర్రబడలేదు. ఎరువు వేశాను, మట్టి మార్చాను, చివరకు మొక్క అమ్మినవాణ్ణి తిట్టుకున్నాను. "మీ ఇంక్రిమెంటు ఫైలులాగా పెండింగులో పడింది" అని మా ఆవిడ నవ్వింది.

2023 ఆగస్టులో ఆమె స్నానాలగదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది. మంచం మీదనే నెలలు. నిద్ర పట్టక రాత్రి పదకొండు దాకా ట్యూబులైటు వేయించుకొనేది. ఎవరు పలకరించినా గోడవైపు తిరిగేది. మా అబ్బాయి ఫోను చేస్తే "బాగానే ఉన్నాను" అని పెట్టేసేది. యాభై ఏళ్ల కాపురంలో నేను ఆమెను అలా చూడలేదు. ఏదైనా పచ్చదనం కనబడితే బాగుంటుందని ఆ కుండీని ఆమె కిటికీలోనే పెట్టాను.

సెప్టెంబరులో ఒకరోజు చదువుతుండగా అసలు కారణం దొరికింది. అమెరికాలో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, వేసవిలో పూయని ఒక రకం పొగాకు చలికాలంలోనే ఎందుకు పూస్తున్నదని ఆలోచించి, మొక్కలను వేళకు చీకటి కొట్టంలోకి చేర్చి పరీక్షించారు. మొక్క చలిని కాదు, పగటి పొడుగును లెక్కపెడుతున్నదని 1920లో ప్రకటించారు. తరువాతివారు అసలు లెక్క రాత్రి పొడుగుదేనని తేల్చారు. పాయిన్‌సెట్టియా, చేమంతి ఈ జాతివే. రోజుకు పద్నాలుగు గంటల అడ్డులేని చీకటి కొన్ని వారాలు దొరికితేనే ఆకు ఎర్రబడుతుంది. మా ఇంట్లో బాల్కనీకి వీధిదీపం, గదికి ట్యూబులైటు. పాపం, దానికి రాత్రి అయితే గదా!

ఈ సంగతి చెప్పేసరికి మా ఆవిడ ఇటు తిరిగింది. "దానికి చీకటి కావాలన్నమాట" అన్నది. "నేనేమో చీకటికి భయపడి లైటు వేయించుకుంటున్నాను."

అక్టోబరు మొదటి వారం నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాము. సాయంత్రం ఆరింటికి కుండీ స్టోరు గదిలోకి, పైన అట్టపెట్టె. ఉదయం ఎనిమిదింటికి మళ్లీ కిటికీలోకి. పాత రూళ్ల పుస్తకం ఒకటి తీసి హాజరు పట్టీ వ్రాశాను. మోసేది నేను, సంతకం చేసేది ఆవిడ. ఒకనాడు మరచి ఆరున్నర అయితే "లేటు మార్కు" వేసింది. ఆ సంతకం కోసం మొదట దిండుకు ఆనుకొని కూర్చున్నది. తరువాత మంచం అంచున కూర్చున్నది. నవంబరు చివరి వారంలో కొన ఆకుల మీద ఎర్రని ఈనె కనబడిన రోజున వాకర్ పట్టుకొని కిటికీ దాకా నాలుగు అడుగులు వేసింది. ఫిజియోథెరపీ అబ్బాయి చెప్పిన వ్యాయామం కూడా జరిగింది గనుక, నయమైనది మొక్క వల్లనే అని నేను వ్రాయను. కాని ఆ నాలుగు అడుగులు మాత్రం ఆ కుండీ కోసమే వేసింది.

2024 సంక్రాంతికి గుమ్మం ముందు చిన్న గొబ్బెమ్మ పెట్టించింది. గుమ్మడిపువ్వు దొరకలేదు. పక్కన మా ఎర్ర కుండీ పెట్టమన్నది. "ఇదీ వాళ్ల ఊరిదేగా" అన్నది.

పెన్షనర్ మిత్రులకు అనుభవంతో నాలుగు మాటలు. బాల్కనీ చిన్నదని దిగులు పడకండి. ఉదయపుటెండ తగిలే కిటికీ ఉంటే చేమంతి, జెరేనియం, కలాంచో హాయిగా పూస్తాయి. నేరుగా ఎండ లేనిచోట ఆంథూరియం, ఆఫ్రికన్ వయొలెట్ పెట్టుకోవచ్చు. చలికాలంలో పైమట్టి ఆరితేనే నీరు పోయండి. కుండీ కింద పళ్లెంలో నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. చేమంతి మొగ్గ తొడగకపోతే ఎరువు కన్నా ముందు వీధిదీపాన్ని అనుమానించండి. బరువైన కుండీలు ఒంటరిగా ఎత్తకండి, మన నడుములకు గ్యారంటీ పీరియడ్ ఎప్పుడో ముగిసింది.

మా ఇంట్లో ఏటా అక్టోబరు మొదటి వారంలో హాజరు పట్టీ తెరుస్తున్నాము. ఇప్పుడు అప్పుడప్పుడు కుండీ మీద అట్టపెట్టె ఆవిడే బోర్లిస్తున్నది. ఆ రోజు సంతకం నాది.