చిరుత కనిపించని చిత్రాలు

ఆర్సన్ వెల్స్ చిత్రాలు మిగిల్చిన నష్టాలనుంచి తేరుకోవాలనుకున్న హాలీవుడ్ సంస్థ ఆర్‌కేఓ, 1942లో చవకగా భయానక చిత్రాలు తీసేందుకు ఒక చిన్న విభాగాన్ని నెలకొల్పి, యాల్టాలో పుట్టి పసితనంలోనే అమెరికా చేరిన వాల్ ల్యూటన్‌కు దానిని అప్పగించింది. ఖర్చు లక్షన్నర డాలర్లు, నిడివి 75 నిమిషాలు దాటరాదని, చిత్రం పేరు సంస్థే నిర్ణయిస్తుందని షరతులు. ఇవి బి-చిత్రాలు, అంటే ఒకే టిక్కెట్టుపై రెండు సినిమాలు చూపే నాటి పద్ధతిలో పెద్ద చిత్రానికి తోడుగా వేసేవి.

అలా పైనుంచి వచ్చిపడిన 'క్యాట్ పీపుల్' అనే మోటు పేరుకు కథ అల్లవలసివచ్చిన ల్యూటన్ బృందం, మృగవేషాల జోలికి పోకుండా, సెర్బియానుంచి న్యూయార్క్ వచ్చి నా అన్నవాళ్లు లేకుండా బతుకుతున్న ఐరీనా అనే యువతిని కథకు కేంద్రం చేసింది. ముద్దు పెట్టుకుంటే చిరుతగా మారిపోతానన్న భయంతో ఆమె పెళ్లిరాత్రే గది తలుపు మూసుకొని, ఇవతల భర్త నిలబడి ఉండగా, అవతల నేలమీద చతికిలబడుతుంది. జంతుప్రదర్శనశాలకు దగ్గరలో ఉన్న ఆమె ఇంటికి రాత్రిళ్లు సింహాల గర్జన వినవస్తుంది. ఇతరులకు సముద్రఘోష ఎలాగో తనకది అంత హాయి అని ఆమె చెప్పే మాటకు ప్రేక్షకుడికి భయంకన్నా ముందు జాలి కలుగుతుంది.

దర్శకుడు జాక్ టూర్నర్ చిరుతను చాలామటుకు నీడకే వదిలేశాడు. భర్త సహోద్యోగిని ఆలిస్ రాత్రివేళ పార్కు దారిన నడుస్తుండగా వెనక వినిపించే మడమల చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోతుంది, ఆమె పరుగందుకుంటుంది, మృగం బుసకొట్టినట్టు వినిపించిన మోత, తీరా చూస్తే, వచ్చి ఆగిన బస్సుది. ఇటువంటి ఉత్తుత్తి ఉలికిపాటుకు సినిమావాళ్ల పరిభాషలో 'బస్సు' అనే పేరు స్థిరపడింది. తరువాతివారు ఆ బస్సును అందిపుచ్చుకొని, ఈర్ష్యతో వెంట నడిచిన ఐరీనాను ఆ దారిలోనే వదిలేశారనడం తప్పు కాదేమో.

1944లో వచ్చిన 'క్యాట్ పీపుల్' కొనసాగింపులో చిరుత ఊసే లేదు. ఆడుకునే తోడు దొరకని ఒక పసిపిల్లకు చనిపోయిన ఐరీనా నేస్తంగా కనిపిస్తుంది.

ల్యూటన్ విభాగం తీసిన చిత్రాలన్నిటిలోకీ చీకటి చిత్రం మార్క్ రాబ్సన్ తీసిన 'ది సెవెంత్ విక్టిమ్' (1943). అందులో జాక్విలిన్ అనే స్త్రీ ఒక భోజనశాల పైన అద్దెకు తీసుకున్న గదిలో ఒక కుర్చీ, దాని పైన వేలాడే ఉరితాడు తప్ప మరేమీ ఉండవు. పక్కగదిలో ఉన్న స్త్రీ జబ్బుమనిషి. చావుకు భయపడి భయపడి విసిగి, ఒక్కసారైనా సరదాగా గడపాలని ముస్తాబై బయలుదేరుతుంది. ఆమె నడవ దాటుతుండగా జాక్విలిన్ గదిలో కుర్చీ పడిన చప్పుడవుతుంది. ఆమె ఆగకుండా మెట్లు దిగిపోతుంది.