దల్మా వేటసభ

సువర్ణరేఖకు దక్షిణపుటొడ్డున జంషెడ్పూరు ఉక్కు కార్ఖానాలు, ఉత్తరపుటొడ్డున మాంగో. వంతెన దాటి మాంగో వీథులలో నిలిచి ఉత్తరముగా చూచినవారికి దల్మా కొండ అడ్డుగోడవలె కనబడును. దాని శిఖరము సముద్రమట్టమునకు 926 మీటర్ల ఎత్తున నున్నది. 1907లో టాటా ఉక్కు సంఘము స్థాపితమైనది. 1912 ఫిబ్రవరిలో మొదటి ఉక్కుదిమ్మ వెలువడినది. 1919లో సాక్చి పల్లె ప్రాంతమునకు జంషెడ్పూరను పేరు వచ్చినది. ఆ కొలుములను నమ్ముకొని శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి తెలుగు కుటుంబములు తరలివచ్చి ఈ తీరమున స్థిరపడినవి. వారికిని, వారివంటి పట్టణవాసు లందరికిని దల్మా యనగా వేసవిలో చల్లగాలి నిచ్చు కొండ, ఏనుగులు దిగివచ్చు కొండ. దాని నానుకొని తరతరములుగా బ్రదుకుచున్న సంతాలులకు, హోలకు, ముండాలకు, భూమిజులకు మాత్రము అది వేరు. అది వారి వేటపట్టు; అంతకంటె ముఖ్యముగా, వారు న్యాయము చెప్పుకొను చోటు. వేటకును న్యాయమునకును గల ఈ సంబంధమును విడిచి దల్మా వేటను నిందించుటలోను సారము లేదు, పొగడుటలోను సారము లేదు.

సంతాలీ భాషలో 'సెంద్రా' యనగా వేట. 'దిసుమ్ సెంద్రా' యనగా దేశపు వేట. ఒక ఊరివారు తమ పొలిమేరలో చేసికొనునది కాక, పలు ఊళ్లవారు ఏటి కొకసారి వైశాఖమున కూడి ఒకే కొండపై చేయునది. ఇరుగుపొరుగువారు దీనినే బిషు శికార్ అందురు. దీనికి నాయకుడు ఊరిపెద్దయైన మాంఝీ కాడు; పలు ఊళ్లపై పెత్తనము గల పరగణైతు కాడు. 'దిహరీ' యను వేటపూజారి నాయకుడు. వేటదినమును నిర్ణయించువాడు, అడవిదేవతలకు కోళ్లను బలియిచ్చి జనమునకు కీడు రాకుండ మ్రొక్కువాడు, అడవిలో పుట్టిన తగవునకు తీర్పు చెప్పువాడు అతడే. పూర్వము దిహరీ సాలవృక్షపు కొమ్మ నొకదానిని పట్టుకొని సంతలో తిరిగెడివాడు. కొమ్మకు మిగిల్చిన ఆకు లెన్నియో వేటకు గడువు అన్ని దినములు. దల్మా ప్రాంతమున నేటికిని 'గిరా సకామ్' అను ఆకుపిలుపు నడచుచున్నది. సకామ్ అనగా ఆకు. ఈతాకును ముడివేసి ఊరూరికి పంపుదురు. చదువురానివారికి పంపిన జాబని దీనిని తేలికగా చూడరాదు. ముడివేసిన ఆకు వచ్చినదనగా ఊరిలో కొట్లాటలు ఆగవలెను, బాణములకు ములుకులు పదును పెట్టవలెను, దారిబత్తెము కట్టవలెను.

ఇంత ఏర్పాటు చెవులపిల్లికో అడవికోడికో అక్కరలేదు. వేటను ఒక దేశపు పనిగా చేసినవి పెద్ద జంతువులు. వానిలో మొదట చెప్పదగినది గురుపోతు, వాడుకలో అడవిదున్న. ఆంగ్లేయులు దీనికి బైసన్ అని పేరు పెట్టిరి. అది తప్పుపేరు, బైసను అమెరికా, ఐరోపా ఖండములలోని వేరు జాతి. 1827 నుండి శాస్త్రజ్ఞు లిచ్చిన నామము బాస్ గారస్, అనగా మన గౌరమృగమే. మన శాస్త్రగ్రంథములలో దీనికి దగ్గరి చుట్టము గవయము. గవయ మనగా ఈ గురుపోతే అని కొందరు, కాదు మనుబోతని కొందరు వాదించిరి. ఆ వాదము తేలకున్నను నైయాయికులు ఉపమానప్రమాణమునకు చూపు ఉదాహరణము మాత్రము ఇచ్చట స్మరింపదగినది. పట్టణవాసి యొకడు గవయము నెరుగడు. అడవిలో తిరుగువాడు అది ఆవును పోలియుండునని చెప్పును. పిదప పట్టణవాసి అడవికి పోయి దానిని చూచి, చెప్పిన పోలికనుబట్టి గుర్తించును. తర్కశాస్త్రము ఇచ్చట అడవివాని మాటను నమ్మదగిన మాటగా గ్రహించినది. తరువాతి కాలపు అటవీశాసనములు అతనికి ఆపాటి మర్యాదయైనను చేయలేదు.

బలిసిన గురుపోతు మూపునొద్ద ఆరడుగుల ఎత్తుండును. తూకమున ఎనిమిది పది క్వింటాళ్లు తూగును. మోకాళ్ల దిగువ తెల్లని మేజోళ్లు తొడిగినట్లుండు కాళ్లు, మూపు నుండి నడివీపు వరకు లేచిన కండగట్టు, పచ్చని మొదలు నల్లని కొన గల కొమ్ములు దాని గుర్తులు. చూపుకంటె వాసన పదును. మంద వేకువను, సందెవేళను గడ్డికిని లేతవెదురునకును వెలువడి, ఎండపూట దట్టమైన నీడలో నెమరువేయును. ఉప్పుమట్టి నాకుటకు అలవాటైన తావులకు వచ్చును. సాధారణముగా మనుష్యుని వాసన తగిలినంతనే తొలగిపోవు సాధుజంతువే. కాని గాయపడినది మరలెనా, విల్లు పట్టినవాని కది యమదూత.

కావున వేటయుక్తి యంతయు మూడు విషయములపై నిలిచినది: గాలి, నీరు, జనము. వైశాఖమునాటికి ఆకు రాలి, క్రింది గడ్డి ఎండి, కొన్నియెడల కాలి, అడవిలో చూపు సాగును. సంతాలులు ఈ వేటను 'లో బీర్' అనియు అందురు. కాలిన అడవి యని దాని యర్థము. వాగు లింకి నీరు కొన్ని మడుగులకు చిక్కును గనుక జాడ తీయువారికి వెదకవలసిన చోట్లు తగ్గును. కాచువారు గాలికి ఎదురుగా కనుమల మొగలలోను, చెట్లమాటునను మాటువేయుదురు. తోలువారు బారుతీరి, ఢంకాలు మ్రోయించుచు, 'సక్వా' యను కొమ్ముబూరను ఊదుచు, కుక్కలతో పొదలు రేపుచు వత్తురు. ఈ బారు ఎచట తెగినను మంద అచ్చటినుండి జారిపోవును. ఇరువదిమందితో ఇది కాదు; ఒక ఊరితోను కాదు. పెద్దజంతువును కొట్టవలెనన్న పరాయి ఊరివానిని నమ్మక తప్పదు. ఆ నమ్మకమునకు నియమములు కావలెను. వేటసభకు మూలము ఇదియే యనిపించును.

వేటకు పోయినవాడు తిరిగివచ్చువరకు ఇంట భార్య పాపిట సిందూరము పెట్టుకొనదు, అలంకారము చేసికొనదు. విధవవలె ఉండుట అమంగళమని మనము తలతుము. వారి యూహ వేరు. మృత్యువు వచ్చిపోయినదని ముందుగనే దానిని మరపించుట కావచ్చును. మగవారు సుఖముగా మరలినపుడు స్త్రీలు కాళ్లు కడిగి లోనికి తీసికొందురు.

ఇక మాంసము సంగతి. ఎనిమిది క్వింటాళ్ల పోతులో ఇంచుమించు సగము తినదగిన మాంసము. వైశాఖపుటెండలో అది మరునాటికి నిలువదు. ఒక్కడు తినలేడు, ఒక్కడు మోయలేడు, ఒక్కడు దాచలేడు. కొట్టిన చోటనే కోసి, ఆకులలో చుట్టి, కావళ్లకెత్తి పంచుకొనవలసినదే. సంతాలుల కట్టడిలో మొదటి బాణము తగిలించినవానికి మొదటి హక్కు. వెంబడించి పడగొట్టినవారికి వారి వారి పాలు. దిహరీకి పూజారి భాగము. బాణము ఎవరిది ముందు తగిలినదను తగవు పుట్టినచో ఆ రాత్రియే తేలవలెను. మాంసము విచారణకై వేచియుండదు. తాజాగా వండినది పోగా మిగిలినది సన్నని పట్టీలుగా చీల్చి ఎండబెట్టుదురు, పొయ్యిపై కట్టి పొగబెట్టుదురు. వానకాలమున గాదె అడుగంటినపుడు ఈ వరుగులే కూర. బియ్యపుపిండిలో మాంసము కలిపి, సాలపత్రములలో చుట్టి కాల్చు 'జిల్ పిఠా' సంతాలుల పండుగవంట. జంషెడ్పూరులో నేడు కోడిమాంసముతోను దానిని చేయుచున్నారు. తోలు, కొమ్ములు వృథా పోవు. అందరును అన్నియు తినరు కూడ. ముర్ము గోత్రమువారికి మనుబోతు కులచిహ్నము. దానిని వారు చంపరాదు, తినరాదు. కొండమీద నూరుమంది మనుబోతు వెంట పరుగెత్తుచుండగా ముర్ము గోత్రజుడు విల్లు దించి నిలువవలెను.

ఈ మాంసప్రసంగము సాహిత్యాభిమానులకు కటువుగా తోచవచ్చును. కాని శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యములో ధూర్జటి నిలిపిన తిన్నడు వేటమాంసమును రుచి చూచి, మంచిది ఏరి శివునకు నైవేద్యము పెట్టినవాడే. ఆ కథలో శివబ్రాహ్మణునకు కలిగిన రోత సహజము, శివునకు కలుగలేదు. మరియొకవైపున ఐతరేయ బ్రాహ్మణము గౌరమును, గవయమును యజ్ఞసారము విడిచిపోయిన జంతువులుగా చెప్పి, తినదగనివానిలో చేర్చినది. అనగా తినుటయు తినకుండుటయు ఇరువురికిని ధర్మవిషయమే. హద్దు గీసిన చోటు మాత్రము వేరు.

పగటివేట ముగిసిన పిమ్మట జనము 'గిపితిచ్ టాండీ' యను పండుకొను మైదానమున చేరును. లో బీర్ సభ జరుగునది ఇచ్చటనే. వేటతగవులు తీరినపిదప ఊళ్ల తగవులు వచ్చును. మాంఝీ అన్యాయము చేసెనని సామాన్యుడు మొరపెట్టవచ్చును, పరగణైతుపైనను చెప్పుకొనవచ్చును. కట్టుబాటు తప్పినవారిని వెలివేయు 'బిట్లాహా' వంటి కఠినశిక్షకు ఈ సభ సమ్మతి కావలెను. ఏడాదిపొడుగున పెద్దరికము చేసినవాడు ఆ ఒక్క రాత్రి సాటివేటగాడు. అదే రాత్రి సింగ్రాయ్ అను మొరటు శృంగారపు పాటలును ఆటలును సాగును. న్యాయగాంభీర్యమునకు అవి అడ్డుగా వారికి తోచలేదు. 1871లో కొలెయాన్ అను వృద్ధగురువు నోట తన జాతి ఆచారములను స్క్రెఫ్‌స్రూడ్ అను నార్వే మతప్రచారకుడు వ్రాయించుకొనెను. 1887లో ఆ గ్రంథము సంతాలీలోనే అచ్చయినది. దానిలో వేటకు ఇచ్చిన చోటు చూచినవారికి ఇది వినోదము కాదని తెలియును. దల్మాకు పొరుగున పురూలియా జిల్లాలోని అయోధ్యాకొండపై సుతాన్ టాండీ ఇట్టి సభకు మిక్కిలి ప్రసిద్ధము.

మాంగోలోని తెలుగువారికి ఇది పూర్తిగా క్రొత్త కాదు. వారు విడిచివచ్చిన సీమకు పడమటనున్న మన్యములో చైత్రమున ఇటుకల పండుగ నాడు మగవారందరు వేటకు పోవుదురు. ఉత్తచేతులతో వచ్చినవానిపై స్త్రీలు పేడనీళ్లు చల్లి నవ్వుదురు. గోదావరి ఏజెన్సీలో కోయల విత్తుల పండుగకు ముందును వేట యున్నది. మగవారు అడవిలో నుండగా స్త్రీలు బాటలకు అడ్డునిలిచి బాటసారుల నుండి కానుకలు వసూలు చేయుదురు. పాపికొండలకు ఆంగ్లేయులు పెట్టిన పేరు బైసన్ కొండలు. అచ్చటి కొండరెడ్లను గూర్చి హైమెండార్ఫ్ 1945లో వెలువరించిన గ్రంథమునకును ఆ పేరే కలిసినది. కోయలు పెళ్లిళ్లలోను పండుగలలోను తలపై ధరించు గురుపోతు కొమ్ముల కిరీటము 'పెర్మకోకు'. దానితో పోతులు ఢీకొన్నట్లు ఆడు కొమ్మునృత్యము నేటికిని నిలిచియున్నది. వేట పోయినను కొమ్ములు తాత నుండి మనుమనికి వచ్చుచున్నవి.

గురుపోతు తరిగిపోవుటకు విల్లు కారణమా? ఏటి కొకసారి, అదియు ఎండకాలమున, కాలినడకన జరిగిన వేటకు అంత శక్తి లేదు. తుపాకితో దొరలు వచ్చిరి. వారికి మాంసముతో పని తక్కువ; కావలసినది గోడకు తగిలించు తల. 1892 నుండి లండనులో రోలండ్ వార్డు సంస్థ అచ్చువేసిన వేటలెక్కల పుస్తకములలో కొమ్ముల పొడవు అంగుళములలో కలదు. ఎంతమందికి పాలు వచ్చినదను లెక్క వారి కక్కరలేదు. తుపాకికంటె ఘోరమైనది పశువుల దొడ్డుజాడ్యము. అడవిలో మేయవచ్చిన ఊరిపశువుల నుండి అది మందలకు అంటుకొనెడిది; 1968లో దక్షిణాన బందీపురము, ముదుమలై అడవులలో గురుపోతులను విశేషముగా చంపినది ఆ జాడ్యమే. 2011లో గాని అది ప్రపంచమునుండి తొలగిపోలేదు. వీనికి తోడు గనులు, దారులు, నరకిన అడవి. నేడు జార్ఖండులో గురుపోతునకు ముఖ్యమైన ఆశ్రయము పలామూ అడవి; దల్మాలో చెప్పుకొనునవి ఏనుగు, ఎలుగు, అడవిపంది, జింకజాతులు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. గురుపోతు దాని మొదటి పట్టికలో చేరినది. 1976లో దల్మా అభయారణ్యమైనది. మిగిలిన కొద్ది జంతువులను కాపాడవలెననుటలో సందేహము లేదు. ఆకలికై వేటాడవలసిన కాలమును గతించినది. కాని 2006 నాటి అటవీహక్కుల చట్టము వనవాసుల సంప్రదాయహక్కులను అంగీకరించుచునే వేటహక్కును మాత్రము పేరుపెట్టి మినహాయించినది. వేటను ఆపుటకు చట్టము చాలును. వేటతో ముడిపడిన సభను గూర్చి దానిలో ఒక్క పలుకును లేదు. సభ అడవిలోనే ఎందుకు, ఊరిలో పెట్టుకొనరాదా యని ప్రశ్నింపవచ్చును. ఊరిలో మాంఝీ మాంఝీయే; గిపితిచ్ టాండీలో మాత్రమే అతడు మోర వినవలసినవాడగును. కొండ నిచ్చి వేటను మానిపించుట యొక పని. వేటతోపాటు కొండను మూసివేయుట మరియొక పని.

ఈ యెరుక కొంత రెండువైపులను కలిగినట్లున్నది. ఇటీవలి యేండ్లలో దల్మా సెంద్రా చాలవరకు పూజగా మారినది. ఆ దినమున మాంగో మీదుగా కొండకు పోవు దారులలో అటవీశాఖవారు కావలి యుందురు; వలలు, ఉచ్చులు, తుపాకులు వెదకి తీసికొందురు. విల్లంబులు, ఢంకాలు పట్టినవారు కొండ దిగువకు పోయి, దిహరీ కోళ్లను బలియిచ్చువరకు నిలిచి, పిమ్మట పైకెక్కుదురు.