కీహోల్ సర్జరీ: రోగి ఉపశమనం, కోలుకునే తీరు – చరిత్ర

పొట్టను పెద్దగా కోయకుండా, సాధారణంగా 5 నుంచి 12 మిల్లీమీటర్ల రంధ్రాల గుండా కెమెరా, పరికరాలు పంపి చేసే ఆపరేషన్ కీహోల్ సర్జరీ లేదా ల్యాపరోస్కోపీ. కోత చిన్నది కనుక నొప్పి తక్కువ. కానీ లోపల చోటు కోసం పొట్టలో గ్యాస్ నింపాలి. ఆ గ్యాస్ తెచ్చే ఇబ్బందులను తగ్గించుకుంటూ రావడం ఈ చరిత్రలో ముఖ్యభాగం.

శరీర ద్వారాల్లోకి పరికరాలతో చూడడం ప్రాచీన రోమన్ల కాలానికే ఉంది. 1901లో డ్రెస్డెన్ వైద్యుడు గేయోర్గ్ కెల్లింగ్ కుక్క పొట్టలో వడగట్టిన గాలి నింపి అవయవాలను చూశాడు. 1910లో స్వీడన్‌లో యాకోబియస్ అనే వైద్యుడు మనుషులకు ఈ పరీక్ష చేశాడు. 1924లో స్విట్జర్లాండ్‌కు చెందిన జోలికోఫర్ గాలికి బదులు కార్బన్ డయాక్సైడ్ వాడమన్నాడు. అది ఒంట్లో త్వరగా ఇంకిపోతుంది.

చూడడం దాటి ఆపరేషన్ చేయడానికి దారితీసిన అసలు మలుపు జర్మనీలో వచ్చింది. కీల్ నగర స్త్రీవైద్య నిపుణుడు కుర్ట్ సెమ్ పొట్టలో గ్యాస్ ఒత్తిడిని దానంతటదే అదుపు చేసే యంత్రాన్ని రూపొందించాడు. 1980 సెప్టెంబరులో ఈ పద్ధతిలోనే అపెండిక్స్ తీశాడు. సాటి సర్జన్లు తీవ్రంగా ఎదిరించినా వెనక్కి తగ్గలేదు. బోబ్లింగెన్ పట్టణంలో ఎరిక్ మ్యూయె అనే సర్జన్ 1985 సెప్టెంబరు 12న ఇదే పద్ధతిలో పిత్తాశయాన్ని తొలగించాడు. మరుసటి ఏడాది జర్మన్ సర్జన్ల మహాసభలో ఆ విషయం చెబితే ఆదరణ దక్కలేదు. అదే సంఘం 1992లో అతణ్ణి సత్కరించింది. 1987లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఫిలిప్ మూరె వీడియో కెమెరాతో చేసిన పిత్తాశయ ఆపరేషన్ తర్వాత ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. మన దేశంలో 1990లో ముంబయి జె.జె. ఆసుపత్రిలో తెహెమ్‌టన్ ఉద్వాడియా కీహోల్ పిత్తాశయ ఆపరేషన్‌కు నాంది పలికాడు.

పొట్టకు ఆపరేషన్ అయితే భుజం నొప్పేమిటని రోగులు ఆందోళన పడతారు. గ్యాస్ వల్ల ఉదర వితానం (డయాఫ్రమ్) సాగి, చికాకుకు గురవుతుంది. దాని నుంచి వచ్చే నరం, భుజం చర్మం నుంచి వచ్చే నరాలు మెడ దగ్గర వెన్నుపాములో ఒకే చోట చేరుతాయి కనుక మెదడు ఆ బాధను భుజానిదిగా భావిస్తుంది. ఆపరేషన్ ముగించే ముందు మిగిలిన గ్యాస్‌ను బయటికి పంపేయడం, ఒత్తిడి తగ్గించడం దీనికి ఉపాయాలు. రంధ్రాల దగ్గర తిమ్మిరి మందు ఇవ్వడం కోత నొప్పికి, 1990ల్లో వాడుకలోకి వచ్చిన ఒన్‌డాన్‌సెట్రాన్ వాంతులకు పనికొచ్చాయి.

కోలుకునే విధానాన్ని సమూలంగా మార్చిన ఘనత డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్‌ది. రోగిని పస్తు పెట్టి మంచానికే పరిమితం చేసే అలవాటును అతడు ప్రశ్నించాడు. త్వరగా తినిపించడం, నడిపించడం, మార్ఫిన్ వంటి మందులను తగ్గించడం కలిపి 1990ల్లో ఒక పద్ధతిగా తీర్చాడు. నేడు ఆరోగ్యవంతులకు మత్తుకు 2 గంటల ముందు వరకు మంచినీళ్లు ఇస్తున్నారు.

గ్యాస్ ఒత్తిడి సాధారణంగా 12 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరసం. తగ్గిస్తే నొప్పి తగ్గవచ్చు గానీ లోపల చోటు ఇరుకవుతుంది. అందుకే ఎంత తగ్గించాలన్నది సర్జన్, మత్తు డాక్టర్ రోగిని బట్టి తేల్చుకుంటారు.