జొన్నరొట్టె పోయిన దారి, వచ్చిన దారి

పొద్దుగూకితే చాలు, దిల్‌సుఖ్‌నగర్ నుంచి కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ దాకా రోడ్డు వారన జొన్నరొట్టెల బండ్లు వెలుస్తాయి. కొనుక్కెళ్ళేవాళ్ళు ఎక్కువగా షుగర్ ఉన్నవాళ్ళో, బరువు తగ్గాలనుకునేవాళ్ళో. గోధుమ ముక్క కడుపులో పడితే చాలు పేగులు దెబ్బతినే సీలియాక్ రోగులను దృష్టిలో పెట్టుకుని పుట్టిన వ్యాపారం కాదిది. అయినా గ్లూటెన్ లేని రొట్టె రుచిగా, తాజాగా, చవకగా ఎక్కడ దొరుకుతుందని ఈ నగరంలో ఎవరైనా అడిగితే ముందు చూపించాల్సింది సూపర్ మార్కెట్ అరను కాదు, ఈ బండ్లనే. ఎందుకంటే గోధుమ లేని రొట్టె ఇక్కడివాళ్ళ పాత తిండి. అది కనుమరుగైంది రుచి లేక కాదు, సర్కారు ధాన్య విధానాల తాకిడికి పళ్ళెంలోంచి జారిపోయింది. తిరిగి వచ్చింది కూడా వేరే జబ్బు పేరు మీద. సీలియాక్ రోగికి అది ఇప్పటికీ ఒక్క అడుగు దూరంలో ఆగిపోయి ఉండడానికి కారణం ఆ చరిత్రలోనే ఉంది.

ముందు జబ్బు సంగతి. గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు మీద కొందరి శరీరం తిరగబడి, చిన్నపేగు లోపలి పొరను తానే పాడుచేసుకుంటుంది. దోషం గోధుమదేనని తేల్చింది డచ్ పిల్లల వైద్యుడు విలెం డికె. 1944-45 చలికాలపు కరువులో హాలెండులో రొట్టె కరువై, మిగతా పిల్లలు చిక్కిపోతుంటే ఈ జబ్బు పిల్లలు తేరుకున్నారు. అంతకుముందు నుంచే ఆయనకున్న అనుమానానికి అది బలమిచ్చింది. 1950లో దాన్ని సిద్ధాంత వ్యాసంగా రాశాడు. ఈనాటికీ మందు లేదు, జీవితాంతం గ్లూటెన్ మానడమే వైద్యం. మన దేశంలో 23 వేల మందికి పైగా పెద్దవాళ్ళను పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో ఈ జబ్బును సూచించే ప్రతిరక్షకాలు ఉత్తరాదిలో 1.23 శాతం మందిలో, దక్షిణాదిలో 0.10 శాతం మందిలోనే కనిపించాయి. జబ్బుకు అవకాశమిచ్చే జన్యువులు మాత్రం రెండుచోట్లా దాదాపు ఒకే మోతాదులో, మూడోవంతుకు పైగా జనంలో ఉన్నాయి. తేడా అంతా తిండిలోనే ఉందనిపిస్తుంది. ఉత్తరాదిలో రోజుకు మనిషి తినే గోధుమ 455 గ్రాములైతే దక్షిణాదిలో 25 గ్రాములే. గోధుమ ఒక్కటే కారణమని దీన్నిబట్టి తేల్చేయలేం. రోజుకు 37 గ్రాములే తినే ఈశాన్యంలో 0.87 శాతం కనిపించింది మరి. కానీ దక్షిణాదివాళ్ళకు ఇది రాని జబ్బు అనుకోవడానికి మాత్రం ఆధారం లేదు.

గోధుమ పిండిని సాగనిచ్చేది, బ్రెడ్డును పొంగించేది ఆ గ్లూటెనే. అది తీసేస్తే బ్రెడ్డు ఇటుకలా తయారవుతుంది, లేదా పొడిపొడిగా రాలిపోతుంది. అందుకే కంపెనీలు జిగురు కోసం ఇసబ్‌గోల్ పొట్టు, గ్వార్ గమ్ లాంటివి కలిపి తంటాలు పడతాయి. దక్కన్ ఆడవాళ్ళు ఇదే చిక్కును ఎప్పుడో మరో దారిలో విప్పారు. జొన్నపిండిలో సాగే గుణం లేదు. చన్నీళ్ళతో కలిపి ఒత్తితే అంచులు పగిలిపోతాయి. అందుకని మసిలే నీళ్ళు పోస్తారు. ఆ వేడికి పిండిలోని గంజి పదార్థం ఉడికి జిగురుకు వస్తుంది. చేతికి తడి చేసుకుని మెదిపి, ఆ ఉండను పీట మీద అరచేత్తో తడుతూ తిప్పితే రొట్టె తనంతట తానే గుండ్రంగా పెరుగుతుంది. పెనం మీద వేశాక పైభాగానికి తడిగుడ్డతో నీళ్ళు అద్దుతారు. ఆ తడి ఆరుతుండగా తిరగేస్తే ఆవిరి లోపల చిక్కి రొట్టె పొంగుతుంది. గ్లూటెన్ చేసే పనిలో సగం వేడినీళ్ళు, సగం అరచెయ్యి చేస్తాయన్నమాట. ఇందులో గోధుమను అనుకరించే ప్రయత్నం ఏమీ లేదు. రుచి నిలవడానికి కారణం అదే.

ఈ పనితనం నగరంలోకి ఎలా వచ్చిందో చెప్పడానికి ఎల్బీనగర్ చౌరస్తా చాలు. జాగీర్దారు దిల్‌సుఖ్ రామ్ ప్రసాద్ పొలాల మీద వెలసిన దిల్‌సుఖ్‌నగర్ అయినా, దాని తర్వాత పెరిగిన ఎల్బీనగర్, వనస్థలిపురం అయినా విజయవాడ రోడ్డు వెంబడి, సాగర్ రోడ్డు వెంబడి పాకిన ఊళ్ళే. నల్లగొండ, దేవరకొండ, సూర్యాపేట బస్సులు ఆగేది ఇక్కడే. ఆ మెట్ట పల్లెల్లో ఒకప్పుడు జొన్నగట్క, అంబలి, రొట్టె రోజువారీ తిండి. వరి అన్నం పండక్కో, చుట్టం వస్తేనో. జొన్న తినడం పేదరికపు గుర్తన్న చిన్నచూపు కొత్తది కాదు. పల్నాటి జొన్నకూటిని ఎగతాళి చేసే చాటువులు శ్రీనాథుడి పేరు మీద నేటికీ ప్రచారంలో ఉన్నాయి. తెల్లన్నం తినగలగడం ఎదుగుదలకు గుర్తయిన సమాజంలో, అవకాశం దొరికిన వెంటనే జనం జొన్నను వదిలారంటే ఆశ్చర్యం లేదు.

ఆ అవకాశం మూడు వైపుల నుంచి వచ్చింది. మొదటిది వరి. 1967లో నాగార్జునసాగర్ నీళ్ళు పారి నల్లగొండ ఆయకట్టును వరి మడిగా మార్చాయి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకు ఇచ్చింది. 2015 నుంచి తెలంగాణ ప్రభుత్వం మనిషికి ఆరు కిలోలు, కిలో రూపాయికే ఇచ్చింది. నీళ్ళు లేని పల్లెలో సైతం జొన్న పండించుకోవడం కంటే బియ్యం తెచ్చుకోవడం సులువైంది. రెండో వైపు గోధుమ. 1956 నుంచి పీఎల్ 480 ఒప్పందం కింద అమెరికా గోధుమ ఓడల మీద వచ్చింది. 1965లో కేంద్రం మోడరన్ బేకరీస్ పెట్టి బ్రెడ్డును ఇంటింటి సరుకుగా మార్చే పని మొదలుపెట్టింది. ఉప్మా రవ్వ, సేమియా, చపాతీ, బిస్కట్ రూపంలో గోధుమ తెలుగు వంటింట్లో స్థిరపడింది. మూడోది విత్తనం. 1964లో విడుదలైన సీఎస్‌హెచ్-1 హైబ్రిడ్ దిగుబడి పెంచింది. కానీ వానాకాలపు హైబ్రిడ్ గింజ కంకి మీదే బూజు పట్టి ధర పోగొట్టుకుంది. ఆ జొన్నలో చాలా భాగం కోళ్ళ దాణాకు మళ్ళింది. 1970 ప్రాంతంలో దేశంలో కోటీ 80 లక్షల హెక్టార్లకు పైగా ఉన్న జొన్న సాగు ఇప్పుడు 50 లక్షల లోపుకు పడిపోయింది.

పాత తిండిని ఇలా పొగడడం గతాన్ని బంగారం చేయడమేనని ఎవరైనా అనవచ్చు. ఆ మాటలో బలముంది. ఆ బలమిచ్చిన సాక్ష్యం కూడా హైదరాబాద్‌దే. 1958లో కూనూరు నుంచి ఇక్కడికి తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయంలో, అంటే ఇప్పటి తార్నాక ఎన్‌ఐఎన్‌లో, గోపాలన్, శ్రీకంటియా అనే శాస్త్రవేత్తలు జొన్న మీదే బతికే నిరుపేదల్లో పెల్లాగ్రా కనిపించడాన్ని పరిశీలించారు. ఎండ తగిలిన చోట చర్మం నల్లబారి పగలడం, విరేచనాలు, మతి చెదరడం దీని లక్షణాలు. జొన్నలో ల్యూసిన్ మోతాదు ఎక్కువ కావడమే కారణమని 1960లో ప్రతిపాదించారు. తర్వాత దాని మీద వాదాలు నడిచాయి గానీ అసలు పాఠం మారలేదు. పప్పు, పాలు, కూర లేకుండా ఒక్క జొన్నే తింటే ఆరోగ్యం నిలవదు. అయితే ఆ దోషం జొన్నదనడం కంటే, పక్కన ఇంకేమీ లేని పళ్ళేనిదనడం న్యాయం. ఇప్పుడు బండి దగ్గర రొట్టెతో పాటు పప్పు, పుంటికూర, పల్లీల పొడి కట్టించుకెళ్ళే మనిషికి ఆ భయం లేదు.

జొన్నరొట్టె తిరిగి రావడానికి కారణం షుగర్. వైద్యులు అన్నం తగ్గించమన్నాక, రాత్రిపూట రొట్టెకు గిరాకీ పుట్టింది. అపార్ట్‌మెంట్ వంటింట్లో జొన్నరొట్టె తట్టడం రాని తరం, వచ్చినవాళ్ళ చేతిపనికి డబ్బులివ్వడం మొదలుపెట్టింది. పల్లెలో కూలి లేని ఇంటిపని నగరంలో బతుకుతెరువైంది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించడం, రాజేంద్రనగర్‌లోని చిరుధాన్యాల పరిశోధన సంస్థ ప్రచారం ఆ తర్వాతి మాట. వీధి అంతకుముందే మొదలుపెట్టింది. కానీ షుగర్ రోగికి పనికొచ్చే రొట్టె, సీలియాక్ రోగికి పనికొచ్చే రొట్టె ఒకటి కావు. మొదటివాడికి రొట్టెలో గుప్పెడు గోధుమపిండి కలిసినా కొంప మునగదు. రెండోవాడికి మునుగుతుంది. గ్లూటెన్ రహితం అని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించరాదని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ నియమం. చపాతీలు కాల్చిన పెనం మీదే జొన్నరొట్టె వేస్తే, అంటుకోకుండా గోధుమపిండి చల్లితే, గోధుమలు పట్టిన గిర్నిలోనే వెంటనే జొన్నలు పోస్తే ఆ హద్దు దాటడానికి ఎంతో సేపు పట్టదు. పక్కన పోసే పప్పు తాలింపులోని పొడి ఇంగువలో కూడా చాలాసార్లు మైదా ఉంటుంది.

ఇంత అరుదైన జబ్బు కోసం బండివాళ్ళు పద్ధతి మార్చుకోవాలా అని అడిగితే, అందరూ మార్చుకోనక్కర్లేదు. ఒక పేటలో ఒక బండి జొన్న తప్ప మరేదీ ముట్టకుండా ఉంటే చాలు. ఒక గిర్ని వారానికొక పూట, రాళ్ళు శుభ్రంగా దులిపి, ముందు కాసిని జొన్నలు ఆడించి ఆ పిండి పక్కన పెట్టేసి, జొన్నకే కేటాయిస్తే చాలు. గింజలు ఇంట్లోనే ఏరి, చిన్న మిక్సీలో పట్టుకునే కుటుంబానికి అదీ అక్కర్లేదు. శాండ్‌విచ్ కావాలని మారాం చేసే పిల్లవాడికి జొన్నరొట్టె సమాధానం కాదన్నది నిజమే. వాడి కోసం బేకరీలు గ్లూటెన్ లేని బ్రెడ్డు చేయాల్సిందే, ధర తగ్గాల్సిందే. కానీ రోజూ తినే రొట్టె విషయంలో కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. పనితనం ఈ రోడ్ల మీద ఉంది, గింజ మార్కెట్లో ఉంది. జొన్నను పళ్ళెంలోంచి తోసిన ప్రతి మలుపులోనూ ప్రభుత్వం చెయ్యి ఉంది కాబట్టి, గోధుమ తగలని ఒక గిర్నికీ ఒక పెనానికీ పరీక్ష చేసి ముద్ర వేసే బాధ్యత కూడా దానిదే. గ్లూటెన్‌కు హద్దు గీసిన నియమం దేశంలో ఎలాగూ ఉంది, దాన్ని వీధి దాకా తేవడమే మిగిలింది.