ఋణచిహ్నము గల గుణకారము

జోలార్‌పేటనుండి సేలమునకు పోవు రైలుమార్గమున సామల్పట్టి యొక చిన్న స్టేషను. తెలుగు తమిళములు కలసి వినవచ్చు ఈ కృష్ణగిరి సీమకు, హోసూరు దాటినంతనే తగులు బెంగుళూరునందు 1954లో స్థాపితమైన భారత్ ఎలక్ట్రానిక్స్, 1960ల దశకమున జెర్మేనియపు ట్రాన్సిస్టర్లను చేయనారంభించుటతో, ఆ విద్య పొరుగింటిదైనది. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు బార్డీన్, బ్రాటెయిన్‌లు తొలిసారి పనిచేయించిన వస్తువు ఈ ట్రాన్సిస్టరు.

ట్రాన్సిస్టరు రేడియో విప్పి చూచినవారికి దాని రహస్యము సంకేతమును హెచ్చించు గుణకారమే. మిక్కిలి మందశ్రుతులయందు సంధాయక కెపాసిటర్లు దారి నిరోధించును. మిక్కిలి తీవ్రశ్రుతులయందు ట్రాన్సిస్టరు లోపలి స్వల్ప కెపాసిటీలు సంకేతమును మ్రింగును. నడిమి శ్రుతులలో మాత్రము మొదటివానిని తీగలుగాను, రెండవవానిని లేనివానిగాను భావింపవచ్చును. లెక్క సులభమగుట ఇచ్చటనే! కలెక్టరు విద్యుత్తు 1 మిల్లియాంపియరైనచో దానిని ఉష్ణవోల్టేజియగు 25 మిల్లీవోల్టులచే భాగింపగా వోల్టుకు 40 మిల్లియాంపియర్లు వచ్చును. ఎమిటరుకు బైపాస్ కెపాసిటరుండి, ఫలితభారము 5 కిలోఓములైనచో, రెండింటి లబ్ధము 200; సంకేతము హెచ్చు రెట్లవియే. దాని ముందు ఋణచిహ్నము వ్రాయవలెను. విద్యార్థులు మరచునదియు, పరీక్షకులు వెదకునదియు నదియే.

ఆ చిహ్నమునకర్థము తరంగము తలక్రిందులగుట. వినువాని చెవి సాధారణముగా దానిని గుర్తింపదు.