రక్తం కోసం పుట్టిన మీటర్ రొయ్యల చెరువు దాకా ఎలా వచ్చింది?

రొయ్యల చెరువుకి అన్నిటికన్నా గండం ఏ టైమ్‌లో? తెల్లవారుజామున. పగలు నీళ్లలోని ప్లాంక్టన్ ఎండకి ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి అదే ప్లాంక్టన్ రొయ్యలతో పాటు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. తెల్లారేసరికి నిల్వ అడుగంటుతుంది. పైకి చూస్తే మాత్రం నీళ్లు నిన్నటిలాగే ఉంటాయి.

మరి ఎలా కొలవాలి? 1888లో హంగేరీ కెమిస్ట్ లాయోష్ వింక్లర్ ఒక పద్ధతి చెప్పాడు. గాలి బుడగ లేకుండా సీసా నింపాలి. మాంగనీస్ లవణం, అయొడైడ్ కలిపిన క్షారం వెయ్యాలి. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి దిగుతుంది. యాసిడ్ పోస్తే అయోడిన్ బయటికొస్తుంది. దానికి స్టార్చ్ కలిపి, నీలం రంగు పోయేదాకా థయోసల్ఫేట్ చుక్కలు చుక్కలుగా వెయ్యాలి. చాలా కచ్చితమైన పద్ధతి. కానీ అర్ధరాత్రి గట్టు మీద, టార్చ్ వెలుగులో, గంటకోసారి ఇదంతా చెయ్యగలమా?

దారి వైద్యం వైపు నుంచి దొరికింది. అమెరికాలో లీలాండ్ క్లార్క్ అనే సైంటిస్ట్ రక్తానికి ఆక్సిజన్ ఎక్కించే యంత్రం మీద పనిచేసేవాడు. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో ఆయనకి తెలియాలి. ప్లాటినం ఎలక్ట్రోడ్ దగ్గర ఆక్సిజన్ కరెంట్ రూపంలో కనబడుతుంది. కానీ రక్తంలోని ప్రొటీన్లు దానికి అంటుకుని రీడింగ్ పాడుచేసేవి. క్లార్క్ ఏం చేశాడంటే, ఎలక్ట్రోడ్లు రెండిటినీ ఒక పల్చటి పాలిథిన్ పొర వెనక పెట్టాడు. పొరలోంచి ఆక్సిజన్ దూరుతుంది, ప్రొటీన్లు దూరవు. 1956లో ఈ పని ప్రచురించాడు. అదే పొర బురదనీళ్లకీ పనికొచ్చింది. ప్రోబ్‌కి కేబుల్ తగిలించి నదుల్లోకి, చెరువుల్లోకి దించారు.

లోపాలు లేవా అంటే, ఉన్నాయి. ఈ ప్రోబ్ తన దగ్గరున్న ఆక్సిజన్‌ని తనే వాడేసుకుంటుంది. కదలని నీళ్లలో పెడితే తక్కువ చూపిస్తుంది, కాబట్టి మెల్లగా కదుపుతూ ఉండాలి. పొర పాతబడితే మార్చాలి. ఇప్పటి ఆప్టికల్ ప్రోబ్‌లు కాంతితో కొలుస్తాయి, ఆక్సిజన్‌ని వాడుకోవు.

ఒక లెక్క చూడండి. 30 డిగ్రీల వేడిలో లీటరు మంచినీళ్లు గాలి నుంచి తీసుకుని కరిగించుకోగలిగే ఆక్సిజన్ సుమారు 7.5 మిల్లీగ్రాములే. ఉప్పు ఉంటే ఇంకా తక్కువ. రొయ్యలకి కనీసం 4 దాకా కావాలి. మధ్యలో మిగిలింది ఎంత? అందుకే భీమవరం వైపు రైతు రాత్రుళ్లు లేచి మీటర్ ముంచి చూస్తాడు, అంకె పడిపోతుంటే ఏరేటర్లు ఆన్ చేస్తాడు. రొయ్యలు పైకి తేలాక తెలిస్తే పంట పోయినట్టే. ముందే తెలిస్తే చేతిలో ఇంకా టైమ్ ఉన్నట్టు.

ఎంతుందో చెప్పే కెమిస్ట్రీ 1888లోనే ఉంది ఫ్రెండ్స్. అవసరమైన గంటలో, అవసరమైన చోట చెప్పే పరికరం రావడానికే ఇంకో డెబ్బై ఏళ్లు పట్టింది.