విండోస్ ఫోన్: అంత అందంగా ఉండి ఎందుకు ఓడిపోయింది?

ఈ ఎపిసోడ్‌లో చచ్చిపోయిన ఒక ఫోన్ గురించి మాట్లాడుకుందాం. విండోస్ ఫోన్. మీలో చిన్నవాళ్లు దాన్ని చేత్తో పట్టుకుని కూడా ఉండరు.

2010 చివర్లో మైక్రోసాఫ్ట్ దీన్ని తెచ్చింది. అప్పటికి ఐఫోన్‌లో, ఆండ్రాయిడ్‌లో ఐకాన్ల వరసలే. ఇందులో మాత్రం కదిలే టైల్స్. ఎన్ని మెసేజ్‌లు వచ్చాయి, వాతావరణం ఎలా ఉంది, అన్నీ టైల్ మీదే కనిపించేవి, యాప్ తెరవక్కర్లేదు. నీడలు, మెరుపులు ఏమీ లేకుండా పెద్ద పెద్ద అక్షరాలు. ఐఫోన్ తన తోలు, చెక్క డిజైన్లు వదిలేసి ఫ్లాట్‌గా మారింది 2013లో, అంటే మూడేళ్ల తర్వాత. ఆ ఏడాదే వచ్చిన లూమియా 520లో ఉన్న ర్యామ్ 512 ఎంబీ. అయినా వేలు ఎటు లాగితే అటు జారిపోయేది. అప్పటి చవక ఆండ్రాయిడ్ ఫోన్లు వేలు పెడితే కాసేపు ఆలోచించుకునేవి లెండి!

మరి యాప్‌లు? ఇన్‌స్టాగ్రామ్ ఐఫోన్‌కి 2010లో, ఆండ్రాయిడ్‌కి 2012లో వచ్చింది. దీనికి 2013 నవంబర్‌లో, అదీ బీటాగా. స్నాప్‌చాట్ అధికారికంగా అసలు రానేలేదు. మైక్రోసాఫ్ట్ సొంతంగా యూట్యూబ్ యాప్ చేస్తే, యాడ్స్ చూపించట్లేదు, వీడియోలు డౌన్‌లోడ్ చేస్తోందని గూగుల్ అడ్డుపడింది. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదంటారే, అదీ పరిస్థితి. జనం లేరని యాప్ రాయరు, యాప్ లేదని జనం కొనరు.

చాలామంది ఇక్కడితో ఆపి తప్పంతా గూగుల్‌దే అంటారు. నేను ఒప్పుకోను. అసలు దెబ్బ సొంతవాళ్లే కొట్టారు. అమెరికాలో లూమియా 900 అమ్మకానికి వచ్చింది 2012 ఏప్రిల్‌లో. జూన్‌లో మైక్రోసాఫ్ట్ విండోస్ ఫోన్ 8 ప్రకటించి, ఇప్పుడున్న ఫోన్లకి అది రాదని చెప్పేసింది. రెండు నెలల ఫోన్ అండీ! లోపలి కెర్నల్‌నే మార్చారు కాబట్టి, పాత యాప్‌లు కొత్త ఫోన్లో నడిచినా, 8 కోసం రాసినవి పాత ఫోన్లో నడవవు. 2015లో విండోస్ 10 మొబైల్ అంటూ మళ్లీ మార్చారు. లూమియా 520కి అదీ రాలేదు. ఇన్నిసార్లు పునాది తవ్వుతుంటే ఏ డెవలపర్ మాత్రం ఇల్లు కడతాడు?

మధ్యలో నోకియా ఫోన్ల వ్యాపారాన్ని కొన్నారు. కంపెనీ లోపల ఆ డీల్‌కి వద్దని ఓటేసిన వాళ్లలో మన హైదరాబాదీ సత్య నాదెళ్ల ఒకరు, తన పుస్తకంలో ఆయనే రాసుకున్నారు. 2014లో సీఈఓ అయ్యాక, మరుసటి ఏడాది ఆ కొనుగోలు తాలూకు 760 కోట్ల డాలర్లు నష్టం కింద రాసెయ్యాల్సింది కూడా ఆయనే.

2020 జనవరితో అప్‌డేట్లు ఆగిపోయాయి. టైల్స్ మాత్రం కంప్యూటర్ స్టార్ట్ మెనూలో ఇంకొంతకాలం బతికాయి. 2021లో విండోస్ 11 వచ్చి వాటినీ తీసేసింది.